కట్టడి ఊళ్లో దిగిన విమానం

నేను విమానం నడిపేదాన్నని తెలిసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న, భయం వేసేది కాదా అని. వేసేది. భయం వేయని వాళ్లతో కలిసి మీరు ఎప్పుడూ ఎగరకండి. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. మైదానంలో ఒంటికి వస్తే ఎక్కడికి వెళ్లేవారని. మిర్యాలగూడ బయట మా కంపెనీ చదును చేయించిన రన్‌వే చుట్టూ చాటుకు ఒక్క తుప్ప కూడా లేదు. మగవాళ్లు విమానానికి అవతలి పక్క నిలబడేవాళ్లు. నేను పొద్దున పూట నీళ్లు తాగడం మానేశాను. ఆ అలవాటు నాకు కిడ్నీలో రాళ్లు మిగిల్చింది. ఈ ఉద్యోగంలోకి వచ్చే ఆడపిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. చేరేముందు జీతం ఎంతో అడగండి, మరుగుదొడ్డి ఎక్కడో కూడా అడగండి.

ఇప్పుడు విమానాశ్రయాల్లో యూనిఫారం వేసుకుని, పెట్టె లాక్కుంటూ నడిచే అమ్మాయిలను చూస్తే సంతోషంగానే ఉంటుంది. వాళ్లలో ఒకమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాయండి ఆంటీ, మాకు స్ఫూర్తిగా ఉంటుంది అంది. స్ఫూర్తి నా దగ్గర పెద్దగా మిగల్లేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

ఎవరికీ అక్కర్లేని పని

మాది సూర్యాపేట. మా తాత పటేళ్ల దగ్గర జీతం ఉన్నవాడు. మా నాన్న మిషన్ బడిలో చదువుకుని అదే బడిలో పంతులయ్యాడు. మాలవాడ నుంచి చర్చి కాంపౌండు దాకా వచ్చాం, మా వంశ చరిత్ర అంతే. హైదరాబాదులో కాలేజీ చదువుతున్నప్పుడు ఎన్‌సీసీలో చేరాను. అక్కడి నుంచి స్కాలర్‌షిప్పు మీద బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్నాను. నాతో నేర్చుకునేవాళ్లలో నవాబుల పిల్లలు, పెద్ద ఆఫీసర్ల పిల్లలు, కంటోన్మెంటు ఆంగ్లో ఇండియన్లు ఉండేవాళ్లు. అక్కడ తెలుగులో మాట్లాడుకునేది నేనూ, విమానాలు తుడిచే మనిషీ మాత్రమే.

లైసెన్సు వచ్చాక ప్రయాణికుల విమానాల కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. ఇంజను గురించి ఒక ప్రశ్న, పెళ్లి గురించి నాలుగు ప్రశ్నలు అడిగారు. కాక్‌పిట్‌లో ఆడమనిషి ఉందని తెలిస్తే ప్రయాణికులు దిగిపోతారని ఒకాయన బాధపడ్డాడు. ఇంకొకాయన మంచివాడే, ఎయిర్ హోస్టెస్‌గా చూడవచ్చు కదా అన్నాడు. మూడో ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, అదీ కష్టమే అన్నాడు. నా రంగు గురించి అన్నాడని బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే అర్థమైంది.

అప్పుడు వరి మీద పురుగుమందు కొట్టే కంపెనీ నన్ను తీసుకుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చిన కొత్త అది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వానకు పండే మెట్ట చెల్కలన్నీ వరి మళ్లు అయ్యాయి. వరితో పాటు దోమ వచ్చింది, దోమతో పాటు మేము వచ్చాం. ముందు భాగంలో మందు తొట్టి ఉండే ఒంటి ఇంజను విమానం. మనిషి తల మీద నుంచి పోతున్నంత కిందుగా ఎగరాలి. మడికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు జెండా పట్టుకుని నిలబడితే, ఆ రెండు జెండాల మధ్య గీత గీసినట్టు పోవాలి. చివర కరెంటు తీగ ఉంటే చివరి క్షణంలో పైకి లేపాలి. లేపలేకపోయినవాళ్ల స్థానంలోనే మాలాంటి వాళ్లకు ఉద్యోగాలు ఖాళీ అయ్యేవి.

నన్ను తీసుకున్నందుకు చాలామంది ఆ కంపెనీని మెచ్చుకున్నారు. మగవాళ్లు దొరకక తీసుకున్నారని నాకు తెలుసు. ఎవరికీ అక్కర్లేని పని మనలాంటి వాళ్లకు ముందుగా దొరుకుతుంది. దొరికితే చేయండి, నేనూ చేశాను. కాని దాన్ని గౌరవం అనుకుని పొంగిపోకండి.

కెప్టెన్, సోధీ, నేను

మా పైఅధికారి కెప్టెన్ డిమెల్లో సికింద్రాబాదు ఆంగ్లో ఇండియన్. ఇంగ్లీషు, కంటోన్మెంటు హిందుస్తానీ తప్ప తెలుగు ముక్క రాదు. నాతో పాటు ఇంకో పైలట్ సోధీ, పంజాబు నుంచి వచ్చినవాడు. మంచి పైలట్, మంచి మనిషి, పాటలు పాడుతూ ఎగిరేవాడు. ఇద్దరం ఒకే నెలలో చేరాం. అతడిని చేరిన రోజే ఖాయం చేశారు. నన్ను ఒక యాసంగి పంట చూసి నిర్ణయిస్తామన్నారు. తీసేస్తే నాకు ఎగరడానికి ఇంకో చోటు లేదు. గాలిలో గంటలు లేకపోతే లైసెన్సు చిత్తుకాగితంతో సమానం. ఆ పంట కాలమంతా ఈ లెక్క నా నెత్తి మీద కూర్చునే ఉంది.

సోధీ ఒకసారి టెలిఫోను తీగ తెంపుకుని వచ్చాడు. తీగ బాగా కిందికి జారి ఉందని కెప్టెన్ అన్నాడు. నేను ఒకసారి గులకరాళ్లలో దిగి తోకచక్రం వంచాను. ఆడవాళ్ల కాళ్లకు బలం చాలదేమో కనుక్కోమని డాక్టరు దగ్గరికి పంపించాడు. కెప్టెన్ చెడ్డవాడు కాదు, ఎవరినీ తిట్టేవాడు కాదు. అతడికి సోధీ పొరపాటు చేస్తే అది ఆ రోజు జరిగిన పొరపాటు. నేను చేస్తే అది ఆడవాళ్ల లక్షణం.

కోదాడ దగ్గర ఒక పెద్దరైతు పొలంలో మందు కొట్టి, దిగి, హెల్మెట్ తీశాను. ఆయన నా జడ చూసి చుట్టూ వెతికాడు.

"అమ్మాయేంటండీ? మరి నడిపినాయన ఏడి?"

నేనే నడిపానని చెబితే ఆయన ముఖం మాడిపోయింది. ఆడమనిషి కొట్టిన మందు పట్టదని, మళ్లీ కొట్టించమని పట్టుబట్టాడు. కెప్టెన్ కాసేపు గడ్డం గోక్కుని, సోధీని ఖాళీ తొట్టితో పంపించాడు. సోధీ ఆ పొలం మీద రెండు చుట్లు తిరిగి వచ్చాడు. ఇప్పుడు పట్టిందండీ అని రైతు సంతోషంగా వెళ్లిపోయాడు. కెప్టెన్, సోధీ కడుపు పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పదిహేను రోజుల తరువాత ఆ మడిలో దోమ లేదు. ఆ పేరు సోధీకే వచ్చింది.

ఊరు కట్టే రోజు

ఆ పంట కాలం చివర్లోనే అసలు సంగతి జరిగింది. హుజూర్‌నగర్ దారిలో ఒక ఊరు. పేరు రాయను, అక్కడ ఇప్పుడున్న పిల్లలు వేరు. వాళ్ల వరికి సుడిదోమ పట్టింది. ఈ దోమ మొక్క మొదట్లో కూర్చుని రసం పీలుస్తుంది. పొద్దున అరచేయంత ఎండిన చోటు రెండు రోజుల్లో కళ్లమంత అవుతుంది. మేము చుట్టుపక్కల ఊళ్లలో మందు కొట్టుకుంటూ అక్కడికి వెళ్లాల్సిన రోజూ, ఆ ఊరి బొడ్రాయి పండుగా ఒకే రోజు పడ్డాయి.

బొడ్రాయి అంటే ఊరి నడుమ నిలిపే రాయి. కొత్త రాయి నిలిపే రోజు తెల్లవారేముందే పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి నెత్తురు కలిపిన అన్నం, చల్లి ఊరిని కట్టేస్తారు. ఆ తరువాత లోపలివాళ్లు గీత దాటరు, బయటివాళ్లు లోపలికి రారు. ఎవరు దాటినా కట్టు తెగుతుంది, ఊరికి కీడు. పెళ్లయిపోయిన ఆడబిడ్డలంతా ముందురోజే పుట్టింటికి చేరి, మరునాడు రాయి మీద బిందెలతో నీళ్లు పోస్తారు. మేము క్రైస్తవులమైనా ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా అమ్మమ్మ ఊళ్లోనూ చేసేవాళ్లు.

ఆ ఊరి పటేల్ మా మైదానానికి వచ్చి రెండు రోజులు ఆగి రమ్మన్నాడు. రెండు రోజులు ఆగితే పక్క ఊళ్ల వరి పోతుంది, ఆగినా వీళ్ల వరి మిగలదు. ఆకాశానికి పొలిమేర ఏమిటి, ఎగిరి రండి అని కెప్టెన్ విసుక్కున్నాడు. తెలుగు తప్ప రాని పటేల్ మాటను ఇంగ్లీషులోకి, కెప్టెన్ మాటను తెలుగులోకి నేనే మార్చి చెబుతున్నాను. ఆకాశానికి పొలిమేర లేదన్న మాట మాత్రం పటేల్‌కు చెప్పలేదు. చెబితే మాటలు అక్కడితో ఆగిపోయేవి.

నాకు ఒక ఉపాయం తోచింది. ఊరు కట్టేసే వేళకు లోపల ఉన్నది ఏదైనా లోపలిదే. విమానం కూడా ముందురోజే ఊళ్లోకి వెళ్లి దిగితే? ఊరి ఎగువన చెల్క ఉంది. మరునాడు పొలిమేర దాటకుండా లోపలే తిరిగి, లోపలే దిగి, కట్టు విప్పాక బయటికి రావచ్చు. పొలి చల్లే బైండ్ల పూజారిని అడగాలన్నాడు పటేల్. ఆయన ఒప్పుకున్నాడట. ఆ రోజు నాగలి కట్టకూడదు గాని పొలంలో జెండా పట్టుకుంటే తప్పు లేదని కూడా చెప్పాడట. కెప్టెన్‌కు ఇదంతా పిచ్చిగా అనిపించింది. కాని సోధీ పక్క ఊళ్లకు వెళ్లాలి కాబట్టి నన్ను పంపించాడు. ఏదైనా అయితే నీదే బాధ్యత అని పటేల్ ముందే చెప్పాడు.

ఊరివాళ్లు చెల్క మీద ఎడ్లతో గుంటక తోలి చదును చేశారు. మందు డ్రమ్ములు, పెట్రోలు లారీలో ముందే వచ్చాయి. నేను సాయంకాలం దిగాను. ఊరంతా వచ్చింది. పటేల్ ఎదురొచ్చి, మా ఇంట్లో గది ఊడ్పించాను, ఆడవాళ్లు చూసుకుంటారు అన్నాడు. నడుస్తూ నడుస్తూ, ఎవరి బిడ్డవమ్మా అని అడిగాడు. సూర్యాపేట మిషన్ బడి పంతులు గారి అమ్మాయినని చెప్పాను. ఆయన నడక ఆగలేదు, మర్యాదా తగ్గలేదు. దారి మాత్రం మారింది.

"వాడల మంచిగ సూసుకుంటరు బిడ్డా. గాడ నీకు ఇబ్బందుండది."

ఒక బిందె నీళ్లు

వాడలో సైదమ్మ అనే ముసలామె ఇంట్లో దిగాను. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కాలువ కింద కొంచెం వరి ఉంది. ఆమె పుట్టిన తరువాత ఆ వాడలో సొంత మడిలో వరి పండడం అదే మొదటిసారి. నన్ను ఏమీ అడగలేదు, కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. తింటుంటే నా చేతుల మీద మందు పడి కాలిన మచ్చలు చూసి, వరి నాటేవాళ్లకు చేతులు నీళ్లల్ల నాని పాసిపోతాయి, నీవి కాలిపోయినయా అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పనిని తన పనితో పోల్చి మాట్లాడింది ఆమె ఒక్కతే.

పొద్దున్నే గాలి లేవకముందు ఎగిరాను. పొలిమేర రాళ్ల దగ్గరే జెండాలు పట్టుకుని నిలబడ్డారు. మామూలుగా మడి చివర దాకా వెళ్లి, బయటికి పోయి, తీరిగ్గా తిరిగి వస్తాం. ఆ రోజు అట్లా కుదరదు. రాయి ఇంకా దూరంగా ఉండగానే మందు ఆపి, పైకి లేపి, రెక్క మీద నిలబెట్టినట్టు తిప్పాలి. మిగిలిపోయిన అంచులను పొలిమేర వెంబడే అడ్డంగా కొట్టుకుంటూ రావాలి. నిండు తొట్టితో అట్లా తిప్పితే విమానం వణుకుతుంది. పైలట్లు కావాలనుకునే వాళ్లకు చెబుతున్నాను, అట్లా ఎప్పుడూ చేయకండి. నేను చేసిన కారణం భక్తి కాదు. ఆ గీత నేను దాటితే, ఆ తరువాత ఆ ఊళ్లో ఏ ఎద్దు చచ్చినా, ఏ పిల్లకు జ్వరం వచ్చినా నా పేరు చెబుతారు. నాతో ఆగదు, సైదమ్మ దాకా పోతుంది. గాలి లేచేసరికి ఊరి వరి అంతా కొట్టడం అయిపోయింది. ఒక్కసారి కూడా దాటలేదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి బొడ్రాయి దగ్గర ఆడబిడ్డలు నీళ్లు పోస్తున్నారు. వాడ వాళ్ల వంతు చివర. సైదమ్మ ఒక బిందె నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి తగ్గాను, మా ఇంట్లో ఇట్లాంటివి చేయరన్నాను.

"నీళ్లే గద బిడ్డా. మా వరి నిలవెట్టినవ్, గీ ఊరి ఆడబిడ్డవు గావా? పొయ్యి."

పోశాను. పోస్తుండగానే ఇంజను మోత వినిపించింది. పక్క ఊళ్లో పని ముగించుకున్న సోధీ అడ్డదారిన ఊరి మీద నుంచే మిర్యాలగూడకు పోతున్నాడు. ఈ పొలిమేరలో వచ్చి ఆ పొలిమేరలో వెళ్లిపోయాడు. డప్పులు ఆగిపోయాయి. అందరూ పైకి చూసి, తరువాత బిందె పట్టుకున్న నన్ను చూశారు.

పెద్దలు, బైండ్ల ఆయన పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. ఎరుగని పరదేశి, కాలు నేల మీద పెట్టలేదు, కట్టు తెగలేదు అని ఆయన తీర్పు చెప్పాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. సోధీ మీద ఎవరికీ కోపం లేదు. మరునాడు కట్టు విప్పాక నేను బయలుదేరుతుంటే పటేల్ వచ్చి, గట్టి పని చేశావని మెచ్చుకున్నాడు. ఇగ నా ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాను.

నా నోటితోనే

కోతల ముందు పటేల్ మళ్లీ మా మైదానానికి వచ్చాడు. కెప్టెన్ కుర్చీ వేయించాడు. నన్ను ఖాయం చేయాలా వద్దా అని కంపెనీకి అతడు రాసి పంపాల్సిన వారం అది. రైతుల అభిప్రాయం కూడా కావాలన్నారట, పటేల్ వచ్చింది అందుకే. నేను వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాను. పటేల్ నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఆమె పని మంచిగ జేసింది, దాంట్ల అబద్ధమాడ. మా వరి నిలవడ్డది. గని ఊర్ల మాట వేరేగున్నది. వాడ పిల్ల మన గుడి మీదికెళ్లి, మన నెత్తి మీదికెళ్లి ఎగురుడేందని అంటున్నరు. ఆమె బిందె వట్టుకున్నప్పుడే ఇమానం పొలిమేర దాటిందంటున్నరు. నాకైతే ఏం పట్టింపు లేదు. వచ్చే పారి ఆ సర్దార్జీనే పంపుండ్రి. గీ మాట మీ సార్‌కు జర సెప్పు బిడ్డా."

చెప్పేముందు ఒక్క ప్రశ్న అడిగాను.

"పొలిమేర దాటింది సర్దార్జీయే గద పటేల్ సాబ్?"

"ఆయన ఎరుగనోడు బిడ్డా. నువ్వు ఎరిగినదానివి."

కెప్టెన్ నా ముఖం వైపు చూసి, ఏమంటున్నాడు, పని నచ్చిందా అని అడిగాడు. అక్కడ ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చింది నాకొక్కదానికే. పని బాగా నచ్చిందట అని చెప్పి ఊరుకుంటే పట్టుకునేవాళ్లు లేరు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కాని ఆ పెద్దమనిషి నమ్మి నా చేతిలో పెట్టిన మాట అది. పైగా అబద్ధం చెప్పి సంపాదించుకుంటే, వచ్చే ఏడు ఆ ఊరి మీద ఏ ముఖంతో ఎగరాలి? ఆయన అన్నది అన్నట్టు చెప్పాను. వాడ అన్న మాటకు ఇంగ్లీషులో ముక్క దొరకక, అదేమిటో రెండు వాక్యాల్లో విడమరిచి చెప్పాను. నా గురించి నేనే వివరించుకుంటుంటే చచ్చిపోవాలనిపించింది. చెప్పడం అయ్యాక పటేల్ లేచి, కెప్టెన్‌కు దండం పెట్టి, నాకూ పెట్టి వెళ్లిపోయాడు.

కెప్టెన్ తన పద్ధతిలో న్యాయమే చేశాడు. నన్ను ఖాయం చేయమని రాశాడు. దాని కిందనే, గోదావరి వైపు పంపించమని కూడా రాశాడు. అక్కడ నువ్వెవరో ఎవరికీ తెలియదు, నీకే మంచిది అన్నాడు. అది నిజమే. ఆ డెల్టా రైతులు సూర్యాపేట అంటే ఎక్కడుందని అడిగేవాళ్లు, అంతకు మించి లోపలికి వెళ్లేవాళ్లు కాదు. ఒళ్లు సహకరించినంత కాలం ఎగిరాను. ఎందరివో పొలాలు కాపాడాను. మా సొంత జిల్లా వరి మీద మాత్రం మళ్లీ ఎగరలేదు. ఎవరి మీదా కేసు పెట్టే తప్పు కాదిది. ఎవరూ నన్ను తిట్టలేదు, అందరూ మర్యాదగానే మాట్లాడారు. నా అలసటంతా ఆ మర్యాద వల్లే.

మరుసటి ఏడు వానాకాలంలో, విమానాలన్నీ మరమ్మతుకు హైదరాబాదు షెడ్డుకు చేరినప్పుడు సోధీ కలిశాడు. టీ తాగుతూ కబుర్లు చెప్పాడు. ఆ హుజూర్‌నగర్ దారి ఊళ్లో మళ్లీ దోమ పడితే తనే వెళ్లాడట.

"అక్కడ ఒక ముసలామె ఉంది" అన్నాడు తన హిందీలో. "నేను ఎగిరినప్పుడల్లా గట్టు మీదికి ఉరికొచ్చి రెండు చేతులూ ఊపుతుంది. విమానం కనపడకుండా పోయే దాకా ఊపుతూనే ఉంటుంది. నేనంటే ఎందుకంత ప్రేమో నాకు తెలియదు. నేను కూడా రెక్కలు ఊపి వస్తాను."

హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో కింది నుంచి కనపడదు.

"ఎప్పుడు వెళ్లినా ఊపి రా" అని మాత్రం చెప్పాను.